ధూల్‌పేటలో చుట్టిన తీగచుట్ట



పొలము గట్టున రెండు స్తంభముల నడుమ గద్దెపై నుండు ట్రాన్స్‌ఫార్మరును ఎరుగని రైతు మనలో లేడు. అది కాలిపోయినప్పుడు నీరు లేక నారుమడి యెట్లు బీటలు వారునో, దానిని దింపి ట్రాక్టరుపై కెత్తి పట్టణమునకు చేర్చుటకు ఇంటింటి చందా యెట్లు వేసికొందుమో నేను మీకు చెప్పవలసిన పని లేదు. కాని ఆ పెట్టెలోపల నేమున్నదని మనము తరచుగా అడుగము. నూనె యున్నదని అందరికిని తెలియును. ఆ నూనెలో మునిగి యున్నవి ఇనుప రేకుల దిమ్మెయు, దానిచుట్టు చుట్టిన తీగయు మాత్రమే. తిరుగు చక్రము లేదు. కదలు భాగ మొక్కటియు లేదు. ఒకవైపున 11,000 వోల్టులతో ప్రవేశించిన విద్యుత్తు మరియొకవైపున 433 వోల్టులై మీ మోటారునకు పోవుచున్నది. ఇంత పనియు తీగచుట్టలవలననే జరుగుచున్నది.

అట్టి తీగచుట్ట నొకదానిని, మిక్కిలి చిన్నదానిని, నేను నా చేతులతో చుట్టితిని. ఒక పర్యాయము చెడగొట్టితిని, రెండవ పర్యాయము నిలుపుకొంటిని. అది జరిగి నలువది యేండ్లు దాటినది. నేటి సాయంకాలము మీతో ముచ్చటింప దలచినది ఆ సంగతియే. ఇందులో నా తెలివి కన్న నా తప్పు పెద్దది. అందుచేతనే చెప్పుటకు యోగ్యమైన దనుకొనుచున్నాను.

నే నప్పుడు హైదరాబాదు పాతనగరములో ధూల్‌పేటయం దొక గది అద్దెకు తీసికొని, పగలు రేడియోలు బాగుచేయు నంగడిలో పని నేర్చుకొనుచుంటిని. ధూల్‌పేట యనగా 1578 వ సంవత్సరమున కుతుబ్‌షాహీ ప్రభువులు మూసీనదిపై కట్టిన పురానాపూల్ వంతెనకు చేరువనున్న పేట. ప్రక్కనే మంగళ్‌హాట్, కొంచెము దూరమున జుమేరాత్ బజారు. వినాయక చవితికి నగరమంతటికిని పోవు విగ్రహములలో పెక్కు అచ్చటనే తయారగును. చవితి గడచినపిదప ఆ యిండ్లలోనే గాలిపటములు పుట్టును. వెదురు చీల్చువారు, కాగితము కోయువారు, పిండి పూయువారు, ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క కర్మాగారము. సంక్రాంతికి రెండు మూడు మాసములు ముందుగా వీథుల వెంట కంబములు పాతి, దారమును బారులు తీర్చి, అన్నపు గంజిలో గాజుపొడియు రంగును కలిపిన ముద్దను చేతపట్టుకొని, ఒక కొననుండి మరియొక కొనకు నడచుచు పూయుదురు. అది మాంజా. ఎండినపిదప దానిని చరఖునకు చుట్టుదురు. చరఖనగా రెండువైపుల పిడులుగల కొయ్యకండె. నా గది యజమాని కుటుంబము తరతరములుగా ఈ పనిలో నున్నది. ఇంటిపెద్దను అందరు దాదాజీ యని పిలిచెడివారు. నేనును అట్లే పిలిచితిని. ఆయన హిందీ పలుకుబడి వేరు, నా తెలుగు వేరు. అయినను మా యిద్దరికిని మాట యెన్నడును అడ్డము రాలేదు.

మా యూరు నల్లగొండ జిల్లాలోనిది. ఊరి భజన మందిరమునకు లౌడుస్పీకరు లేదు. శ్రీరామనవమికి పొరుగూరినుండి అద్దెకు తెచ్చుకొనుట యలవాటు. ఆ యేడు మా పెద్దనాయన, ఆయనయే భజన సంఘమునకు పెద్ద, నగరములో నాయొద్దకు వచ్చి, "బిడ్డా, నీవు రేడియో పని నేర్చితివి గదా! అద్దె కిచ్చు డబ్బు చందా వేసి నీకే యిత్తుము. మనకని యొక పెట్టె చేసి పెట్టుము" అనిరి. ఆ చందాలో ఎవరెవరి పైసలున్నవో నాకు తెలియును. కల్లు గీయువారివి, కూలిపోవువారివి, ఒక ముసలమ్మ కోడిపుంజు నమ్మి యిచ్చినవి కూడ నున్నవి.

శబ్దమును పెద్దది చేయు పెట్టెకు 24 వోల్టులు కావలెను. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. నడుమ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. అంగడిలో కొన్నచో చందాలో సగము దానికే పోవును. కావున నేనే చుట్టెద నని పూనుకొంటిని. జుమేరాత్ బజారు పేరే గురువారపు సంత. ఆనాడు పాత యినుము, పగిలిన గడియారములు, కాలిన మోటారులు అచ్చట నేలపై పరచి అమ్ముదురు. అం దొక కాలిన ట్రాన్స్‌ఫార్మరును తూకమునకు కొని, తీగ పారవేసి, రేకులను మాత్రము కడిగి పెట్టుకొంటిని. కొత్త రాగితీగ కోఠీలో దొరకినది.

ఇచ్చట కొంచెము శాస్త్రము చెప్పవలెను. 1831 వ సంవత్సరము ఆగస్టు 29 వ తేదీన లండను నగరమున మైకేల్ ఫారడే యను పండితుడు ఆ రంగుళముల వెడల్పుగల యినుప కడియమునకు రెండువైపుల రెండు వేరువేరు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ తగిలించెను. రెండవదానికి బ్యాటరీ లేదు, మొదటిదానితో సంబంధము లేదు. అయినను మొదటిదానిలో ప్రవాహము మొదలైన క్షణమునను, ఆగిన క్షణమునను రెండవదాని దగ్గరి సూది కదలెను. ప్రవాహము నిలుకడగా నున్నంతసేపు కదలలేదు. అనగా మార్పు ఉన్నప్పుడే ఫలము. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మారులు అటునిటు ఊగునట్టిది కనుక ఆ మార్పు ఎన్నడును ఆగదు. ఫారడే కాలమున పూతపూసిన తీగ దొరకదు గనుక ఆయన చుట్టు చుట్టునకు నడుమ నూలుదారమును, వరుస వరుసకు నడుమ గుడ్డయు నుంచెను. ఈ సంగతి దాదాజీకి చెప్పినప్పుడు, "అయితే దొరగారును దారపు పనివాడే" అని నవ్విరి. అర్ధశతాబ్ది గడచినపిదప, 1885 లో, బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మాగారమున జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ యను మువ్వురు ఇంజనీరులు మూసిన యినుపచుట్టు గల పెట్టెను చేసి, నగరములకు విద్యుత్తు పంచుటకు దానిని పనికి తెచ్చిరి. ఆ పెట్టెకు ట్రాన్స్‌ఫార్మరను పేరు పెట్టినవారును వారే.

రేకులెందుకు, ఒకే యినుపముద్ద చాలదా యని మీరడుగవచ్చును. ముద్దలో సుడిప్రవాహములు పుట్టి అది పొయ్యివలె కాగును. అందుచేత అరమిల్లీమీటరు మందపు రేకులకు పూత పూసి, ఒకదానిపై నొకటి పేర్తురు. మూడుపండ్ల దువ్వెనవంటి రేకు నొకటి, దాని నోటిని మూయు పట్టీ నొకటి, ఒక వరుస ఇటు, ఒక వరుస అటు, ఇటుకలు పేర్చినట్లు అల్లవలెను. నడిమి పన్ను పైననే తీగచుట్ట కూర్చుండును.

నాకు దొరకిన రేకులలో నడిమి పన్ను 32 మిల్లీమీటర్లు. పేర్చిన మందము 34. పూత పోగా సుమారు 10 చదరపు సెంటీమీటర్ల యినుము. ఇంత యినుమునకు వోల్టునకు నాలుగున్నర చుట్లు చొప్పున చుట్టవలె నని లెక్క. మెట్లబావిని తలచుకొనుడు. ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క మెట్టు. మెట్టు ఎత్తు 0.22 వోల్టు. 230 వోల్టుల ఎత్తునకు 1,035 మెట్లు. దిగువకు 24 వోల్టులకు 108 మెట్లు. బరువు పడినప్పుడు కొంత తరుగును కనుక ఇంకొక ఆరు కలిపి 114. పైచుట్టలో పోవు ప్రవాహము 0.3 ఆంపియరు, సన్నతీగ చాలును, 28 వ గేజి. క్రిందిచుట్టలో రెండున్నర ఆంపియర్లు, దానికి 18 వ గేజి లావుతీగ. సన్నతీగ 160 మీటర్లకు పైగా పట్టినది. రెండును కలిపి రాగి 400 గ్రాములు. సంక్రాంతినాడు ఒక పిల్లవాడు గాలికి వదలు దారముకంటె నిది ఎక్కువేమియు కాదు. అందుచేతనే నేను దీనిని సుల భమనుకొంటిని.

దాదాజీ కొయ్యకండె నొకదానిని ఎరువు తెచ్చి, దానికి నా అట్టబాబిను బిగించి, పిడి త్రిప్పుచు చుట్ట మొదలిడితిని. తొందర నాకు గురువయ్యెను. నవమి యిక పది దినములే యున్నది. వరుస వరుసకు నడుమ వేయవలసిన కాగితము కొనలేదు. ఇంటినిండ గాలిపటపు కాగితమే యున్నది కదా యని దానినే కత్తిరించి వేసితిని. అదియు బాబిను వెడల్పునకు సరిగా, వెండ్రుకవాసి తక్కువగా. తీగ మొదలును బయటికి తెచ్చుచోట గొట్టము తొడుగుట మరచితిని. కట్టి, రేకులు దూర్చి, స్విచ్చి వేసి చూచితిని. 24 వోల్టులకు రవ్వంత ఎక్కువయే వచ్చినవి. పాట పెట్టితిని, వీథి మారుమ్రోగినది. ఇనుపపెట్టెలో బిగించి మా యూరికి తీసికొనిపోతిని.

నవమినాటి సాయంకాలము పందిట్లో జనము కూడిరి. పెద్దనాయన స్నానము చేసి, తడి ఆరని పంచెతో, వట్టికాళ్లతో వచ్చి మైకు పట్టుకొనిరి. పట్టుకొనిన చేయి బిగుసుకొనినది. ఆయన నోట మాట రాలేదు. ప్రక్కనున్న మృదంగపు కుర్రవాడు తెలివి గలవాడు. తీగను గుంజి ప్లగ్గు నూడదీసెను. పెద్దనాయన కూలబడిరి. ఒక్క నిమిషములో లేచి, "ఏమీ లేదు, కొంచెము జిల్లుమన్నది" అనిరి.

ఆ నిమిషమున నేను చేసిన పని నేటికిని నన్ను నిద్రలో లేపుచుండును. రెండుకాళ్ల ప్లగ్గును తిరుగవేసి పెట్టితిని. వ్రేలితో పెట్టెను తాకి చూచితిని, జిల్లు లేదు. "ఇక భయము లేదు, పెద్దనాయనా" అని చెప్పితిని. ఆయన నా ముఖము చూచి, మారుమాటాడక మరల మైకు పట్టుకొనిరి. నా మాట తప్ప ఆయనకు ఆధారము లేదు. నా మాటకు ఆధారమే లేదు.

గంటన్నర భజన జరిగినది. పిదప పెట్టెలోనుండి ఉల్లిగడ్డ మాడినట్లు వాసన, ఆ వెంటనే పొగ. అందరు నన్ను చూచిరి. ఎవరును ఏమియు అనలేదు. ఆ రాత్రి భజన గొంతులతోనే ముగిసినది.

మరునాడు మాడిన పెట్టెను గోనెసంచిలో పెట్టుకొని ధూల్‌పేటకు వచ్చి గదిలో మూలకు పడవేసితిని. రెండుదినములు దానివైపు చూడలేదు. దాదాజీ తామే సంచి విప్పి, బాబిను బయటికి తీసి, "చిక్కుపడిన దారమును పారవేయువాడు ఈ వీథిలో అన్నము తినడు, కూర్చుండుము, విప్పుదము" అనిరి. ఒక చేతిలో ఆయన కండె, మరియొకవైపు నా బాబిను. ఒక్కొక్క చుట్టు లెక్కించుచు విప్పితిమి. క్రింది లావుతీగ బాగుగనే యున్నది. సన్నతీగలో పైనుండి ఆరు వరుసలు నల్లబడినను విడివడి వచ్చినవి. ఏడవదానియొద్ద తీగ తెగినది. అచ్చట వరుసకొన నొక చుట్టు, కాగితపు అంచునకును అట్టగోడకును నడుమనున్న సందులోనికి జారి, క్రిందివరుసపై పడి, దానితో అంటుకొనిపోయి యుండెను. రంగుకాగితము బూడిద.

రెండు చుట్లు అంటుకొనిన నేమి యగునో వినుడు. ఒక్క చుట్టులో పుట్టునది 0.22 వోల్టే, నాలుకపై పెట్టుకొనినను తెలియదు. కాని ఆ చుట్టు నిడివి జానెడు తీగ. దాని యడ్డు ఓమునందు నలువదవ వంతు మాత్రమే. కావున తనలో తాను మూసికొనిన ఆ చుట్టులో తొమ్మిది ఆంపియర్ల వరకు ప్రవాహము సుడులు తిరుగును. ఆ తీగ మోయగలది 0.3. ముప్పదింతల బరువు! మొదట ఆ యొక్క చుట్టే కాగును. దాని పూత కరగి ప్రక్కదానిని అంటును, అది మరియొకదానిని. గంటన్నర యెందుకు పట్టినదో నా కప్పుడు తెలిసినది. మీ పొలముగట్టు ట్రాన్స్‌ఫార్మరు కాలుటకును పెక్కుమారులు ఇదియే కారణము. బరువు మించి మోటారులు తగిలించినపుడో, నూనె తగ్గినపుడో, తడి చేరినపుడో, చుట్లనడుమ తొడుగు మాడి ఒక్కచోట నిప్పు మొదలగును. మిగిలినదంతయు దాని వెనుక వచ్చునదే.

జిల్లుమనుటకు కారణము వేరు. అన్నిటికన్న లోపలనున్న తీగమొదలు, గొట్టము తొడుగక వదలినది, రేకుల వాడియంచునకు ఒరసికొని పూత లేచి ఇనుమునకు తగిలియున్నది. ఇనుము పెట్టెకు, పెట్టె మైకునకు కలసియున్నవి. ధూల్‌పేటలో నేను పరీక్షించినపు డా కొన చల్లతీగవైపు నుండినది గనుక తెలియలేదు. ఊరిలో ప్లగ్గు తిరుగబడి వేడితీగ పెట్టె కెక్కినది. నేను మరల త్రిప్పి పెట్టినప్పుడు మృత్యువు తొలగిపోలేదు, ముసుగు వేసికొనినది. అంతే. పెద్దనాయన గంటన్నరసేపు తడికాళ్లతో నిలుచుండినది ఆ ముసుగు ముందర.

ఇది చెప్పి నేను తల వంచుకొని కూర్చుండగా దాదాజీ తమ కుడిచేతి చూపుడువ్రేలు చూపిరి. కణుపున నిలువున నొక పాతకోత. "నా పదునేనవ యేట. పూత చూడక దారము లాగితిని. అప్పటినుండి గుడ్డ చుట్టుకొనక మాంజా ముట్టలేదు. నీకు వేరొకరి వ్రేలు తెగబోయినది. నీవు మరి జాగ్రత్తపడవలెను" అనిరి.

రెండవ చుట్ట మొదలిడితిమి. ఆయన నేర్పినవి కొన్ని. ఆయనకు నేను అడ్డుచెప్పినవి కొన్ని. దారపు చుట్టను బాబినునకు దగ్గరగా పట్టుకొనరాదనిరి. మూరెడు దూరమున పట్టుకొనినచో తీగ తన దారిని తానే వెదకికొని ముందుచుట్టు ప్రక్కన పడును. దగ్గరగా పట్టుకొనినచో చేతివణకు చుట్టలోని కెక్కును. ఇది నూటికి నూరుపాళ్లు నిజము. వరుస నడుమ ఆగవద్దు, ఆకలియైనను పిలుపువచ్చినను వరుస ముగించియే లెమ్మనిరి. నూరు చుట్లకొక సుద్దగీత గోడపై గీయుమనిరి. గేజి గడియారములేని ఆ యింట గోడయే లెక్కపుస్తకము. కాని దారమును వారు అడ్డదిడ్డముగా, బిగువుగా చుట్టుదురు. వదలినపుడు సరసర జారిపోవలెను గదా. రాగితీగ కది పనికిరాదు. ప్రక్కప్రక్కనే, చాపలోని పుల్లలవలె పడవలెను. బిగువు ఎక్కువైనచో తీగ సాగి సన్నబడును, మూలలయొద్ద పూత చిట్లును. ఆయన వ్రేళ్లలోని బిగువును సగమునకు తగ్గించుటకు నాకు ఒక పూట పట్టినది. చివరకు ఆయన, "ఇది పతంగి కాదు, పసిబిడ్డ" అని చేయి సడలించిరి.

గాలిపటపు కాగితము ఈ పర్యాయము వేయలేదు. అది గాలికి చేసినది, తేమను పీల్చును. విద్యుత్పనులకు వాడు కాగితము కొని, బాబిను వెడల్పుకంటె రెండువైపుల మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి, అంచులను చీలికలుగా కత్తిరించి గోడవెంబడి పైకి మడచితిని. అప్పుడు కొనచుట్టు జారుటకు సందుండదు. ఈ యంచు కోయుటలో దాదాజీ కోడలికి సాటి లేరు. గాలిపటపు అంచులు కోసిన చేతులవి. పదునొకండు వరుసలకు పదునొకండు కాగితములు ఒకే కొలతను వచ్చినవి. వరుసకు నూరు చుట్లు, అనగా 22 వోల్టులు. ఒక వరుస మొదటికిని దానిపై వరుస కొనకును నడుమ 44 వోల్టులు. ఆ పలుచని కాగితము కాపాడవలసినది అంతయే. కాని పైచుట్టకును క్రిందిచుట్టకును నడుమ మనుష్యుని ప్రాణమున్నది. అచ్చట వార్నిషు పట్టించిన పసుపుపచ్చని గుడ్డను మూడుచుట్లు చుట్టితిని. తీగమొదళ్లకు గొట్టములు తొడిగి, దారముతో కట్టితిని. బాబిను మూలలకు అట్టముక్క లతికించి, రేకులంచులను ఆకురాయితో నున్న చేసితిని.

అంతయు ముగిసినపిదప వార్నిషులో ముంచి, పెద్ద బల్బు వెలుగున ఒక రాత్రియు ఒక పగలును ఆరబెట్టితిని. పిదప పరీక్ష. 60 వాట్ల బల్బు నొకదానిని వరుసలో పెట్టి పైచుట్టకు విద్యుత్తు నిచ్చితిని. చుట్టలో ఎచ్చటనైనను చుట్లు అంటుకొని యున్నచో బల్బు ప్రకాశముగా వెలుగును. లేనిచో ఒక్కసారి మినుకుమని, ఆరినట్లే యుండును. మొదటి చుట్టకు ఈ యొక్క పరీక్ష చేసియున్నచో నా కథయే లేదు. బల్బు మినుకుమన్నది, ఆరినది. దాదాజీ, "పోయినదా?" అని గాబరాపడిరి. పోలేదు, ఇదియే శుభశకున మని చెప్పితిని. పనిచేయు నంగడికి తీసికొనిపోయి 500 వోల్టుల మెగ్గరుతో తీగకును ఇనుమునకును నడుమ చూచితిని. ముల్లు కదలలేదు. బాగు.

నేటి శ్రోతలలో కొందరు, ఈ శ్రమ యెందుకు, చేతిలోని ఫోను చార్జరులో ట్రాన్స్‌ఫార్మరు చింతగింజంత యున్నది గదా యందురు. నిజమే. ఆ పెట్టె విద్యుత్తును సెకనునకు 50 మారులు కాక, పదివేల లెక్కన ఊగించును. ఊపు ఎంత హెచ్చిన ఇనుమును చుట్లును అంత తగ్గును. దానిలో నుండునది ఇనుము కాదు, ఫెర్రైటను నల్లని రాయివంటి పదార్థము. కాని లోపలి న్యాయము ఫారడే కడియపు న్యాయమే. చౌకబారు చార్జరులో రెండుచుట్టల నడుమ తొడుగు సరిగా లేనపుడు జరుగునది మా పందిట్లో జరిగినదే. తడిచేతితో, చార్జరు తగిలించిన ఫోనును చెవి కానించుకొను పిల్లలను చూచినపుడు నేను మా పెద్దనాయన చేతిని తలచుకొందును.

మాంజాయును మారిపోయినది. నూలుదారము పోయి నైలాను దారము వచ్చి, పక్షుల రెక్కలను మనుష్యుల మెడలను కోయుచుండగా 2017 లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది. లోహపుపొడి పూసిన దారము విద్యుత్తీగలపై పడినచో దానిని పట్టుకొనిన పిల్లవానికి ఏమగునో వేరుగా చెప్పనక్కర లేదు. దాదాజీ ఆ దినములు చూడలేదు.

ఇక మా యూరి సంగతి. ఈ పర్యాయము పండుగవరకు ఆగలేదు. ఒక శనివారము పెట్టెను తీసికొనిపోతిని. మొదట పెద్దనాయన కాళ్లకు మ్రొక్కి, ఆనాడు నేను దాచిన మాట చెప్పితిని. ప్లగ్గు తిరుగవేయుటవలన ఏమియు బాగుపడలేదనియు, నాకు కారణము తెలియకయే తెలిసినట్లు చెప్పితి ననియు చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండిరి. "నీ ముఖము చూచినపుడే తెలిసినది, నీకు తెలియదని. అందరిముందు నిన్ను చిన్నబుచ్చ నేల యని పట్టుకొంటిని" అనిరి. నా కిది దెబ్బకంటె ఎక్కువగా తగిలినది.

పెట్టె పెట్టుటకు ముందు మందిరము వెనుక గోతిని త్రవ్వి, రెండున్నర మీటర్ల యినుపగొట్టము నిలిపి, చుట్టు బొగ్గును ఉప్పును వరుసలుగా వేసి పూడ్చితిమి. దానినుండి లావుతీగ తెచ్చి పెట్టెకు బిగించితిని. ప్లగ్గు ఇప్పుడు మూడుకాళ్లది; ఎటు త్రిప్పుటకును వీలులేదు. వేడితీగకు అర ఆంపియరు ఫ్యూజు. గోతిలో పోసిన మొదటి కడివెడు నీరు పెద్దనాయన పోసినవే. వేసవిలో వారమునకొకసారి నీరు పోయవలెనని చెప్పగా, తులసికోటకు పోసినట్లు దినమును పోసెదనని ఆయన నవ్విరి.

స్విచ్చి వేసితిని. పెట్టె సన్నగా తుమ్మెదవలె ఝుమ్మన్నది. నేను ముందుగా తాకబోగా పెద్దనాయన నా చేయి ప్రక్కకు తీసి, తాము ముందుకు వచ్చిరి. అరచేతితో కాదు, వెనుకచేతితో, నేను చెప్పినట్లే, పెట్టెను ఒకమారు తాకిరి. మరల తాకిరి. పిదప మైకు పట్టుకొని గొంతు సవరించుకొనిరి. ఆ రాత్రి మూడు గంటలసేపు భజన జరిగినది. నేను పెట్టె ప్రక్కననే కూర్చుండి పదినిమిషముల కొకసారి చేయి పెట్టి చూచుచునే యుంటిని. వెచ్చబడినది గాని వేడెక్కలేదు.

సోమవారము ధూల్‌పేటకు వచ్చి, ఎరువు తెచ్చుకొనిన కొయ్యకండెను తుడిచి దాదాజీ కిచ్చి, ప్రసాదము చేతిలో పెట్టితిని. ఆయన బెల్లపుముక్క నోటవేసికొని, ఏ పాట పాడిరని గాని, ఎంతమంది వచ్చిరని గాని అడుగలేదు. గోడపైనున్న పది సుద్దగీతలను, వాటి చివరనున్న పొట్టిగీతను చూపి, వీటిని చెరుపవచ్చునా యని అడిగిరి. ఇంకొక వేసవి గడువనిం డంటిని.